సరిహద్దు గీసినా డ్రోన్ గట్టు దాటుతోంది: జీపీఎస్ ఎన్ని మీటర్లు తప్పుతుంది?

ప్రశ్న: మడకశిర డ్రోన్ అక్క

అందరికీ నమస్కారం. మాది మడకశిర దగ్గర పల్లె. మా డ్వాక్రా సంఘానికి పది లీటర్ల ట్యాంకున్న డ్రోన్ వచ్చింది. పైలట్ శిక్షణ నేనే తీసుకున్నాను. చుట్టుపక్కల చేలకు ఎకరా లెక్కన మందు కొడుతున్నాను.

ఇప్పుడు ఎకరన్నర మొక్కజొన్న చేను ఒప్పుకున్నాను. కత్తెర పురుగు సుడిలోకి దిగింది, ఆలస్యం చేస్తే చేను దక్కదు. కానీ తూర్పు గట్టు అవతల మల్బరీ తోట ఉంది. ఆ పెద్దాయన ఇంట్లో పట్టుపురుగులు నాలుగో జ్వరం (కుబుసం విడిచే నిద్ర) లేచి ఆకు మేస్తున్నాయి. గూళ్లు కట్టే చంద్రికల తట్టలెక్కడానికి వారం కూడా లేదు. కత్తెర పురుగూ పట్టుపురుగూ రెండూ గొంగళి పురుగులే, మందుకు తేడా తెలియదు. నా డ్రోన్ నుంచి ఆ ఆకు మీద మందు పడితే ఆయన పంట మొత్తం చచ్చిపోతుంది.

భయమేసి ముందు ఉత్త నీళ్లతో ఎగరేశాను. అంతకుముందు రాత్రి ఇంట్లో కూర్చుని ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ మీద నాలుగు మూలలు గుర్తుపెట్టి ఆటో రూట్ చేసుకున్నాను. మధ్యాహ్నం ఎగరేస్తే చివరి సాలు గట్టు దాటి మల్బరీ మొదటి వరుస మీద నడిచింది. తడి గీత చూసి టేపుతో కొలిచాను. గట్టు మధ్య నుంచి 2.4 మీటర్లు లోపలికి పోయింది. మర్నాడు పొద్దున అదే ఫైలు, మళ్లీ నీళ్లే. ఈసారి గట్టుకు అర మీటరు అవతల నడిచింది. విచిత్రమేమంటే, రెండుసార్లూ సాలుకూ సాలుకూ మధ్య ఎడం మాత్రం చక్కగా ఉంది.

రిమోట్‌లో 18 శాటిలైట్లు చూపించింది. కంపాస్ కాలిబ్రేషన్ చేశాను. డ్రోన్ కాగితాల్లో జీపీఎస్‌తో నిలబడితే ఒకటిన్నర మీటరు తేడా ఉండొచ్చని రాసుంది, మరి 2.4 ఎలా వచ్చింది? డ్రోన్ పాడైందా, నేనేమైనా తప్పు చేశానా? పెద్దాయనకు మాటిచ్చాను, ఆయన తోటకు ఏమీ కానివ్వనని.

జవాబు: పామిడి పైలట్

18 శాటిలైట్లు వచ్చాయంటే జీపీఎస్ బాగానే ఉన్నట్టు అక్కా. అంత అనుమానంగా ఉంటే ఆ ఒక్క గట్టు పక్క మాన్యువల్‌లో కొట్టేయండి.

జవాబు: కర్నూలు సర్వేయర్

అమ్మా, మీ డ్రోన్ పాడవలేదు. నీళ్లతో ఎగరేసి, టేపు పట్టి కొలిచారు చూడండి, ఈ పని చేసేవాళ్లను నేను చాలా తక్కువ మందిని చూశాను. మీ కొలతల్లోనే జవాబుంది.

పై తమ్ముడు చెప్పిన మాటతోనే మొదలుపెడతాను. శాటిలైట్ల సంఖ్య చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. అవి దాదాపు 20,000 కిలోమీటర్ల పైనుంచి పంపే సిగ్నళ్లన్నీ అయనోవరణం, అంటే పైన విద్యుదావేశమున్న గాలి పొర గుండానే రావాలి. అక్కడ ఆలస్యమైతే 18కి 18 ఆలస్యమవుతాయి. పైగా మనం భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర్లో ఉన్నాం, ఈ గొడవ మనకు యూరప్ వాళ్లకంటే ఎక్కువ. తిరుపతి దగ్గర గాదంకిలో రాడార్ పెట్టి శాస్త్రవేత్తలు పైనున్న ఈ పొరలనే చూస్తుంటారు. ఆలస్యం మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో బాగా ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ. మామూలు రిసీవర్‌కు ఆకాశం కనిపించే చేలో కూడా రెండు మూడు మీటర్ల తప్పు సహజం. ఒకే ఫ్రీక్వెన్సీ వినే రిసీవర్ అయితే మరీను. ఎల్1, ఎల్5 అనే రెండు ఫ్రీక్వెన్సీలూ వినేదైతే ఈ ఆలస్యాన్ని చాలావరకు లెక్కగట్టి తీసేస్తుంది.

ఈ తప్పు గంటల మీద మెల్లగా జరుగుతుంది. పావుగంటలో పెద్దగా మారదు. అందుకే మీ సాళ్ల మధ్య ఎడం బాగుంది, రూట్ మొత్తంగా పక్కకు జరిగింది. మర్నాటికి ఆ జరుగుడు మారింది. ఆ కాగితంలోని ఒకటిన్నర మీటరు సంగతీ అంతే. డ్రోన్ తాను అనుకున్న చోట ఎంత కదలకుండా నిలబడుతుందో అది చెబుతుంది. ఆ అనుకున్న చోటు భూమి మీద నిజంగా ఎక్కడుందో చెప్పదు.

ఇక రెండో తప్పు, నా లెక్కలో ఇదే పెద్దది: మూలలు మ్యాప్ మీద పెట్టడం. శాటిలైట్ ఫొటోను భూమి మీద అతికించినప్పుడే కొన్ని మీటర్లు జరిగి ఉండొచ్చు. ఫొటోలో గట్టు మీదే వేలు పెట్టారు, కానీ ఫొటోయే పక్కకు ఉంటే? మీ రెండు కొలతలూ తూర్పుకే పోయాయి కాబట్టి నాకు ఫొటో మీదే అనుమానం. ఇంకో చిన్న సంగతి. రూట్ ఫైలులో అక్షాంశ రేఖాంశాలు దశాంశం తర్వాత ఐదు అంకెలే ఉంటే, చివరి అంకె ఒకటి మారితే చాలు 1.1 మీటర్లు మారినట్టు. ఏడు అంకెలుండాలి.

ఏం చేయాలంటే, మీ డ్రోన్‌నే పొలం మూలకు మోసుకెళ్లి కింద పెట్టండి, మోటర్లు ఆపి ఉంచండి. రెండు నిమిషాలు ఆగి, ఆ పాయింటు సేవ్ చేయండి. నాలుగు మూలలూ అలాగే. ఆ వెంటనే ఎగరేయండి. కొలిచింది, ఎగిరేది ఒకే రిసీవర్, అరగంట లోపల, కాబట్టి తప్పు రెండింట్లోనూ దాదాపు ఒకటే ఉండి చాలావరకు కొట్టుకుపోతుంది. నిన్నటి ఫైలు ఇవాళ వాడొద్దు.

ఆర్టీకే (నేల మీద కదలకుండా పెట్టిన ‘బేస్’ రిసీవర్ పంపే సవరణలతో డ్రోన్ తన చోటు సరిచేసుకునే పద్ధతి) పెట్టించుకుంటే తప్పు సెంటీమీటర్లలోకి వస్తుంది, నిజమే. కానీ తెర మీద ‘ఫిక్స్’ (లెక్క కుదిరింది) అని ఉండాలి. ‘ఫ్లోట్’ (లెక్క ఇంకా తేలలేదు) అని ఉంటే మీటరు దాకా తేడా రావచ్చు. ఒక చెరువు సర్వేలో నాకు ఎదురైంది చెబుతాను. మొదటిరోజు బేస్‌ను గట్టు మీద ఒకచోట పెట్టి, అది తానే లెక్కేసుకున్న స్థానాన్ని ఒప్పేసుకున్నాను. రెండోరోజు పది అడుగుల అవతల పెట్టి మళ్లీ అదే పని చేశాను. రెండు రోజులూ ‘ఫిక్సే’ చూపించింది. ఇంటికొచ్చి రెండు మ్యాపులు కలిపితే తూము 1.8 మీటర్ల ఎడంతో రెండుచోట్ల ఉంది. మూడోరోజు సొంత డబ్బులతో మళ్లీ వెళ్లి చేశాను. బేస్ ఎక్కడుందో తప్పు చెబితే డ్రోన్ ఆ తప్పునే సెంటీమీటర్ల కచ్చితత్వంతో పాటిస్తుంది. ఒక రాయి పాతుకుని, రోజూ దాని మీదే, అవే అంకెలతో బేస్ పెట్టండి. ఫోన్ సిగ్నల్ ఉన్న ఊరైతే సర్వే ఆఫ్ ఇండియా శాశ్వతంగా పెట్టిన బేస్‌లు, అంటే కోర్స్ స్టేషన్ల నుంచి సవరణలు తీసుకోవచ్చు, అప్పుడు సొంత బేస్ అక్కర్లేదు.

జవాబు: మడకశిర డ్రోన్ అక్క

సార్, గగన్ అని శిక్షణలో చెప్పారు. మన దేశానిదే, ఉచితమే అన్నారు. దాంతో సరిపోదా?

జవాబు: కర్నూలు సర్వేయర్

ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి విమానాల కోసం పెట్టిన, జీపీఎస్‌కు శాటిలైట్ నుంచి సవరణలు పంపే వ్యవస్థ అమ్మా అది. మీ రిసీవర్ దాన్ని వినగలిగితే ఆన్ చేసి ఉంచండి, తప్పు తగ్గుతుంది. కానీ విమానం దిగే రన్‌వే వెడల్పు వేరు, మీ గట్టు వెడల్పు వేరు.

జవాబు: మిర్యాలగూడ స్ప్రే పైలట్

సర్వేయర్ గారు చెప్పినవన్నీ సరే. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి చెల్లెమ్మా. జీపీఎస్ సెంటీమీటరు తప్పకపోయినా గాలి ఆగదు. పంట మీద రెండు మూడు మీటర్ల ఎత్తులో సన్న తుంపర పోతుంది. పడమటి గాలి వీస్తే అది గట్టు దగ్గర ఆగమంటే ఆగుతుందా? మల్బరీ పక్కన గాలి తోట వైపు ఉన్నరోజు అసలు ఎగరేయొద్దు.

ఎత్తు సంగతి కూడా చూసుకోండి. జీపీఎస్‌కు అడ్డం కంటే ఎత్తులో తప్పు ఎక్కువ. అందుకే డ్రోన్లు ఎత్తుకు బారోమీటర్ (గాలి ఒత్తిడి కొలిచేది) వాడతాయి, దాని లెక్కా ఎండ ముదిరేకొద్దీ తప్పుతూ పోతుంది. మీ వైపు చేలు వాలుగా ఉంటాయి కదా, డ్రోన్ కింద నేల నుంచి ఎత్తు చూసే రాడార్ ఉంటే ఆన్ చేయండి. పైకి లేచేకొద్దీ తుంపర దూరం పోతుంది. తమ్ముడు చెప్పినట్టు మాన్యువల్‌లో కొట్టడం నాకు నచ్చదు. చేనుకు ఒక చివర నిలబడి నూరు మీటర్ల అవతల గట్టు మీద ఉందా లోపల ఉందా అని కంటితో చెప్పలేం.

జవాబు: మడకశిర డ్రోన్ అక్క

అందరికీ దండాలు. ఇవాళ పని అయింది, రాస్తున్నాను.

పొద్దున ఆరుకే డ్రోన్‌ను నాలుగు మూలలకూ మోసి పాయింట్లు పెట్టాను. మ్యాప్ తెరిచి చూస్తే తూర్పు మూలలు రెండూ ఫొటోలోని గట్టుకు రెండు మీటర్లు పడమరగా కనిపించాయి. ఫొటో జరిగి ఉందన్న మాట నిజమే అనిపించింది. నీళ్లతో మళ్లీ ఒక సాలు నడిపాను, తడి గీత నేననుకున్న చోటికి 40 సెంటీమీటర్ల లోపల పడింది.

అయినా తూర్పు వైపు ఎనిమిది మీటర్లు రూట్‌లోంచి తీసేశాను. గాలి మల్బరీ నుంచి చేను వైపు మళ్లేదాకా ఆగి మిగతాది డ్రోన్‌తో కొట్టాను. ఆ ఎనిమిది మీటర్ల పట్టీకి నేనూ మా సంఘంలో ఇంకో అక్కా వీపున మోసే తైవాన్ పంపు పట్టుకుని, సుడుల్లోకి వంచి కొట్టాం. రెండు గంటలు పట్టింది. చేను రైతు దానికి వేరే కూలి ఇస్తానన్నాడు, తీసుకున్నాం.

పెద్దాయనకు విషయం చెప్పి, గట్టు పక్క మొదటి రెండు వరుసల ఆకు ఈ బ్యాచ్‌కు కోయొద్దని అడిగాను. సరేనమ్మా అన్నాడు. పురుగులు చంద్రికలెక్కాక వచ్చి చెబుతాను.