మిస్సింగ్ వస్తున్న ఎంజీబీ: ముందు పరీక్షా, ముందు కిట్టా?

రోడ్‌స్టర్71:
నా దగ్గర ఉన్నది 1971 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. 1798 సీసీ ఇంజను, గాలి, పెట్రోలు కలిపే జంట ఎస్‌యూ కార్బురేటర్లు, స్పార్క్‌ను ప్లగ్గులకు పంచే లూకాస్ 25డి4 డిస్ట్రిబ్యూటర్, అన్నీ ఫ్యాక్టరీ రకమే. ఇంజను వేడెక్కాక, మోటర్‌వే మీద మూడు వేల ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్‌ను కొద్దిగా మాత్రమే తొక్కి నిలకడగా పోతున్నప్పుడు మిస్సింగ్ వస్తోంది. ఐడ్లింగ్ సాఫీగానే ఉంది. పూర్తిగా తొక్కినా బండి శుభ్రంగా లాగుతోంది. డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును కలుపుతూ విడదీస్తూ స్పార్క్ పుట్టించే పాయింట్లు, వాటితో ఉండే కండెన్సర్ తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టించుకుంటే సరిపోతుందని ఇక్కడి గ్యారేజీవారు అంటున్నారు. పరీక్షించకుండా భాగాలు మార్చడం సబబేనా?

కిట్_పక్షం:
నిస్సందేహంగా సబబే. ఈ డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల గ్యాపు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 14 నుంచి 16 వరకు ఉండాలి. పాయింట్ల మడమ (తిరిగే షాఫ్ట్‌కు రాసుకునే భాగం) అరిగేకొద్దీ ఆ గ్యాపు తగ్గుతుంది, దానితోపాటు టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) కూడా వెనక్కి జరుగుతుంది. కిట్‌లో ఉండేవి అయస్కాంతపు రింగు, దానికి తగలకుండా పనిచేసే సెన్సరు మాత్రమే; అరిగేదంటూ ఏమీ ఉండదు. పైగా ఇప్పుడు బజారులో దొరికే కొత్త కండెన్సర్లను ఎంతవరకు నమ్మగలమో పాత బండ్లు నడిపే అందరికీ తెలుసు. స్పార్క్‌ను ఒక్కో ప్లగ్గు వైరుకు అందిస్తూ తిరిగే రోటర్ సంగతీ అంతే: నడుమ రివెట్ ఉన్న నాసిరకం రోటరైతే ఆ స్పార్క్, ప్లగ్గు దాకా పోకుండా ఆ రివెట్ గుండా షాఫ్ట్‌లోకి దిగిపోతుంది. ఒక్కొక్కటే పరీక్షిస్తూ ఆదివారాలు పోగొట్టుకోవడం కన్నా అన్నీ ఒకేసారి మార్చి రోడ్డెక్కడం మేలు.

ఎస్‌యూ_మిత్రుడు:
ఇగ్నిషన్ జోలికి పోకముందే పెట్రోలు వైపు చూడమని నా సలహా. తక్కువ తొక్కినప్పుడు మాత్రమే మిస్సింగ్ వస్తోందంటే మిశ్రమం పలచబడిందని, అంటే గాలికి తగినంత పెట్రోలు కలవడం లేదని, అనుమానించాలి. కార్బురేటర్లలోని థ్రాటిల్ స్పిండిళ్లు అరిగినా, వాటిని ఇంజనుకు కలిపే మానిఫోల్డ్ గాస్కెట్ గాలి పీల్చినా ఇదే లక్షణం కనబడుతుంది. 2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలంటే పది శాతం వరకు ఇథనాల్ కలిసినదే కనుక, పాత సర్దుబాటు మీద అది మరికాస్త పలుచన అవుతుంది. కార్బురేటర్ల అడుగున మిశ్రమాన్ని సర్దే జెట్ నట్లు చెరొక పలక (నట్టు ఆరు ముఖాల్లో ఒకటి) కిందికి తిప్పి, మిశ్రమం చిక్కబరచి చూడండి, ఖర్చేమీ లేదు.

బర్మింగ్‌హామ్_బాబాయి:
ఇద్దరు మిత్రులూ చెప్పినవి ఇంజను మిస్సవడానికి నిజమైన కారణాలే, కాదనను. అయితే ఈ బండి ఎప్పుడు మిస్సవుతోందో, ఎప్పుడు అవడం లేదో యజమాని గారు స్పష్టంగా రాశారు; ఆ రెండో సగాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. కాలిన ఎగ్జాస్ట్ వాల్వ్ అయితే ఐడ్లింగ్‌లోనే బయటపడాలి. రోటర్ గానీ, స్పార్క్‌కు వోల్టేజి పెంచే కాయిల్ గానీ బలహీనమైతే పూర్తిగా తొక్కినప్పుడు, అంటే సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి స్పార్క్‌కు ఎక్కువ వోల్టేజి కావలసినప్పుడు, ముందుగా మొరాయించాలి.

పలుచన మిశ్రమం మాట కొట్టిపారేయదగినది కాదు, కానీ నట్లు కదిలించకుండానే దాన్ని తేల్చవచ్చు. మిస్సవుతున్న సమయంలోనే మిశ్రమాన్ని చిక్కబరిచే చోక్‌ను కొద్దిగా లాగండి. పలుచన కారణమైతే వెంటనే సర్దుకుంటుంది. ఈ ఇంజను హెడ్‌లో ఇన్‌లెట్ దారులు రెండే అన్నది కూడా మనకు కలిసివచ్చే సంగతి. ముందు కార్బురేటర్ ప్రధానంగా 1, 2 సిలిండర్లకు, వెనుకది 3, 4 సిలిండర్లకు పోస్తుంది కాబట్టి, ఒక కార్బురేటర్‌లోనే దోషముంటే ప్లగ్గులు జతగా తెల్లబడతాయి. నాలుగూ ఒకే గోధుమ రంగులో ఉంటే కార్బురేటర్లను ముట్టుకోవద్దు.

నా అనుమానం వేరు. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి నిలకడగా పోతున్నప్పుడే డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న వాక్యూమ్ డబ్బా, టైమింగ్ ముందుకు జరపడానికి, పాయింట్ల ప్లేటును బాగా తిప్పుతుంది. ఐడ్లింగ్‌లోనూ, పూర్తిగా తొక్కినప్పుడూ దాని లాగుడు దాదాపు ఉండదు. కదిలే ఆ ప్లేటుకూ డిస్ట్రిబ్యూటర్ ఒంటికీ మధ్య గుడ్డ తొడుగున్న పొట్టి ఎర్త్ తీగ ఒకటుంటుంది. ఏళ్ల తరబడి వంగీ వంగీ లోపలి రాగి పోగులు తెగిపోయినా, పైన తొడుగు చెక్కుచెదరకుండా ఉండడం వల్ల చూసినవారికి బాగానే ఉన్నట్టు కనబడుతుంది. వాక్యూమ్ గొట్టం ఊడదీసి, కార్బురేటర్ వైపు కొస మూసి, అదే వేగంతో నడపండి. మిస్సయ్యేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు మీద కూడా ఒక కన్నుండాలి, ఎందుకంటే అది పాయింట్లు కలిపి విడదీసే కాయిల్ ప్రైమరీ సర్క్యూట్ నుంచే నడుస్తుంది. ముల్లు కూలిపోతే దోషం పాయింట్ల వైపు, కదలకపోతే ప్లగ్గు వైర్ల వైపో పెట్రోలు వైపో అని అర్థం.

ఎస్‌యూ_మిత్రుడు:
చోక్ పరీక్షకు నాకు అభ్యంతరం లేదు. కానీ వాక్యూమ్ గొట్టం తీస్తే టైమింగ్ వెనక్కి పోతుంది, ఆ మార్పుకే మిస్సింగ్ తగ్గే అవకాశముంది కదా? ఆ ఒక్క పరీక్షతో తీగను దోషిగా నిలబెట్టడం తొందరపాటు.

బర్మింగ్‌హామ్_బాబాయి:
న్యాయమైన ప్రశ్న. అందుకే మల్టీమీటర్ కావాలి. ఇగ్నిషన్ ఆపి, మీటరు ఒక కొస ప్లేటుకూ రెండోది ఇంజను బ్లాకుకూ పెట్టి, వాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీల్చితే ప్లేటు కదులుతుంది. అప్పుడు రెసిస్టెన్స్ సున్నాకు దగ్గరగా నిలవాలి.

రోడ్‌స్టర్71:
చోక్ లాగినా మార్పు లేదు, నాలుగు ప్లగ్గులూ ఒకే రంగులో ఉన్నాయి. మిస్సయిన ప్రతిసారీ ముల్లు కూలి మళ్లీ లేస్తోంది. గొట్టం తీసి నడిపితే మిస్సింగ్ లేదు. మల్టీమీటర్‌తో చూస్తే పీల్చినప్పుడల్లా రీడింగ్ ఎగిరిపడుతోంది. తీగను వేళ్ల మధ్య నలిపితే ఒకచోట మెత్తగా, లోపల ఏమీ లేనట్టు తగిలింది.

కిట్_పక్షం:
కిట్ పెట్టి ఉంటే పాయింట్లతోపాటు ఈ బెడద కూడా వదిలేది.

బర్మింగ్‌హామ్_బాబాయి:
వదిలేది కాదు. ఈ డిస్ట్రిబ్యూటర్‌లో కూర్చునే కిట్లలో చాలావాటికి ఎర్త్ అందేది అదే ప్లేటు నుంచి, అదే తీగ మీదుగా. డబ్బు ఖర్చయ్యేది, మిస్సింగ్ అలాగే ఉండేది, ఆపైన నింద కిట్ మీద పడేది.

కిట్_పక్షం:
ఎర్త్ మాట నిజమే. అయినా పాయింట్లు అరగడం మానవు. తీగ మార్చాక కిట్ పెట్టుకోవడమే మంచిదన్న నా అభిప్రాయం మారలేదు.

బర్మింగ్‌హామ్_బాబాయి:
తీగ మార్చాక అది వారి ఇష్టం. రోడ్‌స్టర్ గారూ, కొత్త తీగ సన్నని పోగులతో అల్లిన మెత్తని రకమే వేయండి. మామూలు వైరు ముక్క అతికిస్తే ప్లేటు కదలికకు త్వరగానే తెగుతుంది. టెర్మినల్ నుంచి పాయింట్లకు వెళ్లే తీగ కూడా ఆ ప్లేటుతో కలిసి వంగేదే కనుక, ఎలాగూ మూత తీశారు, దాన్నీ ఒకసారి నలిపి చూడండి.