అప్‌డేట్: మాలిక్యూల్ 01 వాసన నాకు తెలియట్లేదు అని అడిగాను కదా, సంగతి తేలింది

మాలిక్యూల్ 01 అనే పెర్ఫ్యూమ్ కొట్టుకున్న పది నిమిషాలకే నాకు ఏ వాసనా రావట్లేదు, బాటిల్ నకిలీదేమో అని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

బాటిల్ అసలుదే. "నీ ముక్కును నమ్మకు, పక్కవాళ్లను గమనించు" అన్న సలహానే పనిచేసింది. ఉదయం మెడ దగ్గర రెండు స్ప్రేలు కొట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఆఫీసుకు వెళ్లాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర పక్కన కూర్చున్న అక్క, "ఏం రాసుకున్నావురా, కొత్త చెక్క బీరువా తెరిచినట్టు ఎంత బాగుందో!" అంది. అప్పటికి కొట్టుకుని ఐదు గంటలైంది!

జర్మన్ పెర్ఫ్యూమ్ తయారీదారు గేజా షోన్ 2006లో తెచ్చిన ఈ పెర్ఫ్యూమ్‌లో పరిమళ పదార్థం ఒక్కటే, చెక్క వాసన వచ్చే ఐసో ఇ సూపర్ అనే కృత్రిమ పదార్థం. ముక్కు దానికి తొందరగా అలవాటు పడిపోతుంది. కొందరికైతే మొదటినుంచీ సరిగా తెలియదట. నాకు లిఫ్ట్‌లోనో, మెట్లు ఎక్కేటప్పుడో ఒక్క క్షణం తగిలి మాయమవుతుంది. ఆ క్షణం కోసమే ఇప్పుడు రోజూ వేసుకుంటున్నాను. గదంతా నిండిపోయే ఊద్ కంటే, దగ్గరికి వచ్చినవాళ్లకే తెలిసే ఈ వాసనే నాకు ప్రాణం.

కొందరు చెప్పినట్టు వాసన నిలవడానికి ముందు వాసెలిన్ రాయడం, అసలుదో కాదో చూడటానికి బాటిల్ మీది బ్యాచ్ కోడ్ వెతకడం నా విషయంలో అవసరం లేకపోయింది. వాసన రావట్లేదని స్ప్రేలు మాత్రం పెంచకండి, మనకు తెలియకపోయినా పక్కవాళ్లకు ఎక్కువైపోతుంది.