తమ్ముడికి కొత్త కంపానియన్‌తో పొసగట్లేదు. ఇంటి నుంచి మేం కల్పించుకోవచ్చా?

ధవళేశ్వరం_అక్క

అందరికీ వందనాలండి. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది కడవరి దిన పరిశుద్ధుల సంఘం. బయటివాళ్లు మోర్మన్లు అంటారు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల పేరు బిళ్లతో కుర్రాళ్లు జంటగా తిరుగుతుంటారే, వాళ్లే. మా తమ్ముడు ఇప్పుడు అందులో ఒకడు. ఫిలిప్పీన్స్‌లో, దావావో వైపు ఉన్నాడు. ఊరి పేరు, వాడి పేరు రాయను.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. అబ్బాయిలకి మిషన్, అంటే ఇంటింటికీ తిరిగి మతం గురించి చెప్పే సేవ, రెండేళ్లు. జంటలో రెండోవాణ్ణి కంపానియన్ అంటారు. ఏ దేశమో, ఎవరితో ఉండాలో మన చేతిలో ఉండదు. బాత్రూంకి తప్ప ఒకరి కంట్లోంచి ఒకరు తప్పుకోకూడదు. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్ల కబురు వస్తుంది, ఉంచితే ఉంచుతారు, లేకపోతే జంట మారుస్తారు. ఇంటికి ఫోన్ వారానికోసారి, సోమవారం నాడు. 2019కి ముందు ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. అప్పటి అమ్మలు ఎలా తట్టుకున్నారో ఏమో.

ఇక అసలు సంగతి. ఇప్పటిదాకా వాడితో ఉన్నది ఫిలిప్పీన్స్ అబ్బాయే. ఇద్దరూ ఎండు చేపలు కాల్చుకుని, మధ్యలో అన్నం గిన్నె పెట్టుకుని తింటున్న ఫోటోలు వచ్చేవి. ఆ అబ్బాయిని వేరే ఊరు పంపేసి, ఐడహో నుంచి కొత్తగా దిగిన అమెరికా పిల్లాణ్ణి వీడికి అప్పగించారు. వీడే ట్రైనర్. అంటే పన్నెండు వారాలు పక్కనే ఉండి అన్నీ నేర్పాలి. అమ్మ వీధంతా చెప్పుకుంది, మావాడు అమెరికావాడికి నేర్పుతున్నాడని.

వారం తిరక్కుండానే సోమవారం వీడియో కాల్‌లో మొహం చూస్తే పీక్కుపోయి ఉంది. ఏమైందిరా అంటే "ఏం లేదక్కా". ఆ అబ్బాయి పక్కనే కూర్చుని తన ఫోన్ చూసుకుంటున్నాడు. పేరెత్తితే తల తిప్పి చూస్తాడని, మావాడు పేరు పలక్కుండా "ఈయన, ఈయన" అంటూ తెలుగులో కొంచెం కొంచెంగా కక్కాడు.

ఈయన బూట్లతో ఇల్లంతా తిరుగుతాడట. మావాడు పడుకునే చాప మీద కూడా. ఆరున్నరకి లేవాలని ఉంటే ఆరింటికే లేచి, పైకి లెక్కపెడుతూ పుషప్‌లు తీస్తాడట. సంతలో దురియన్ పండు కొని మంచం కింద దాచాడట. దాని వాసన తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇంటి ఓనరమ్మ వచ్చి గ్యాస్ లీకైందేమో అని వంటగది అంతా వెతికిందట. ఇది చెప్పినప్పుడు మాత్రం కాస్త నవ్వాడు. మా ఇంట్లో పనసపండు కోస్తేనే నాన్న వీధిలోకి వెళ్లిపోతారు, ఆయన కొడుకు వీడు.

నాకు బెంగ ఇవి కావు. మావాడు ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు అర్థమవుతుంది, నోటికి రాదు. అక్కడి భాష సెబువానో, ఊళ్లో బిసాయా అంటారు. అది మాత్రం గలగలా మాట్లాడతాడు. అక్కడ తలుపు కొట్టరు, గేటు దగ్గర నిలబడి "ఆయో!" అని కేకేస్తారు. వీడు కేకేస్తే లోపలి ముసలమ్మలు పేరు పెట్టి పిలిచి కూర్చోబెడతారు. మొన్న ఒకావిడ మోకాళ్ల నొప్పులు, సౌదీలో ఉన్న కొడుకు, కోళ్లు, అన్నీ ఏకరువు పెట్టింది. బయటికొచ్చాక ఆ అమెరికా అబ్బాయి, ఆవిడ ఏమంది అని అడిగాడు. వీడు ఇంగ్లీషులో కూడబలుక్కుని, కుదరక, "షి ఈజ్ ఫైన్" అన్నాడు. ఆ పిల్లాడు ఆగి, అంతసేపు మాట్లాడింది అదొక్కటేనా అన్నాడట. అప్పట్నుంచీ దారిలో మాటల్లేవు. రాత్రిళ్లు ఆ పిల్లాడు వాళ్ల నాన్న బంగాళాదుంపల పొలం గురించి, గుర్రం గురించి చెబుతూనే ఉంటాడు, వీడు "యా, యా" అంటూ పడుకుంటాడు. నా మీద కోపమా అని రోజూ అడుగుతాడట. వీడు "నో" అంటాడు. అది కోపం కాదండి, వీడికి మాట రాక.

అమ్మేమో మిషన్ ప్రెసిడెంట్‌కి, అంటే అక్కడి మిషనరీలందరి మీదా ఉండే పెద్దాయనకి, మెయిల్ పెట్టి కంపానియన్‌ని మార్చమని అడగమంటోంది. నాన్న ఊరుకోమంటున్నారు. మెయిల్ రాయాల్సింది నేనే కాబట్టి అడుగుతున్నా. మిషన్ చేసొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి.

గాజువాక_పాత_ఎల్డర్

అక్కా, మెయిల్ పెట్టకు.

నాది బెంగళూరు మిషన్. 2012లో హైదరాబాద్ స్టేక్ (చాలా స్థానిక సంఘాలు కలిసిన విభాగం) అయిన రోజుల్లో మిషన్‌లో తిరుగుతున్నవాణ్ణి. తమిళం రాకుండా కోయంబత్తూరులో, తెలుగు రానివాణ్ణి వెంటేసుకుని హైదరాబాద్‌లో, రెండూ చూశా. ట్రైనింగ్ రెండు ట్రాన్స్‌ఫర్ల పాటు సాగుతుంది, గట్టి కారణం లేకపోతే మధ్యలో జంట విడదీయరు. అక్క మెయిల్ పెట్టిందని ఇంటర్వ్యూలో బయటపడితే మీవాడు తలెత్తుకోలేడు. ప్రెసిడెంట్‌కి వాడే ప్రతి వారం ఉత్తరం రాస్తాడు, ఏదైనా ఉంటే అందులో రాసుకోవచ్చు.

నువ్వు రాసింది చదివితే నాకు తట్టింది వేరే. గేటు దగ్గర మీవాడు మాటకారి, ఆ అబ్బాయి మూగ. ఇంట్లో అడుగుపెట్టగానే తిరగబడుతుంది. ఇద్దరూ రోజులో సగం అవమానంగానే ఉంటున్నారు. బూట్లూ పుషప్‌లూ పైపై గొడవ.

మందు ఇంట్లోనే ఉంది. ఇంట్లో కూడా బిసాయానే మాట్లాడమను. వంట చేస్తూ, బట్టలుతుకుతూ, నడుస్తూ, కనీసం మధ్యాహ్నం దాకా. మిషన్ భాషే మాట్లాడండని నాయకులు ఎలాగూ చెబుతారు, ఎవరూ చెయ్యరు. ఇలా చేస్తే మీవాడికి మాట వెతుక్కునే పనుండదు, ఆ పిల్లాడికి భాష వస్తుంది. ట్రైనర్ ఎవరో కూడా ఇద్దరికీ తెలుస్తుంది.

ఇంకోటి. వారం ప్లానింగ్ చివర్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, నచ్చిందేంటి, ఇబ్బందేంటి చెప్పుకోవాలి. కంపానియన్‌షిప్ ఇన్వెంటరీ అంటాం. మన పిల్లలు "అంతా బాగానే ఉంది" అని ప్రార్థన చేసి లేచిపోతారు. మనకి మొహం మీద చెప్పడం మర్యాద కాదు కదా. వాళ్లకి చెప్పకపోవడమే తప్పు. అవతలివాడు ఎదురుచూస్తూ కూర్చుంటాడు. ఒక్క బూట్ల సంగతి చెప్పమను చాలు.

వాడు తిండి మానేసినా, నిద్రపోకపోయినా, ఆ అబ్బాయి చెయ్యి చేసుకున్నా, వదిలేసి పోతున్నా, అప్పుడు మెయిల్ కాదు, అదే రోజు ఫోన్ చెయ్యి. ఇప్పుడున్నది అది కాదు.

ఊరికే_చదువుతా

క్రైస్తవుణ్ణి కాదు, తెలుసుకుందామని అడుగుతున్నా. పొసగనివాళ్లని ఇరవై నాలుగ్గంటలూ కట్టేసి ఉంచడం ఎందుకండీ? హాస్టల్లో రూమ్మేట్‌తోనే చచ్చాం మేం, కనీసం క్లాసుకైనా విడిగా పోయేవాళ్లం. పైగా ఖర్చు కూడా వాళ్లే పెట్టుకుంటారట?

గాజువాక_పాత_ఎల్డర్

మార్కు సువార్త 6:7లో యేసు పన్నెండుమందినీ ఇద్దరిద్దరిగా పంపాడు, మూలం అది. నడిచేటప్పుడు తెలిసే కారణాలు వేరే. కొత్త ఊళ్లో ఒంటరిగా ఎవరింట్లోకైనా వెళ్లడం మనకీ మంచిది కాదు, ఆ ఇంటివాళ్లకీ మంచిది కాదు. జ్వరమొస్తే గంజి కాచేవాడు ఉంటాడు. ఖర్చు నిజమే, ఇంటివాళ్లు కట్టగలిగింది కడతారు, చాలనివాళ్లకి సంఘం నిధి నుంచి సాయం అందుతుంది. జీతం లేదు. హాస్టల్‌తో పోల్చావు కానీ, నేను హాస్టల్లో ఉన్నవాళ్లెవరితోనూ ఇప్పుడు మాట్లాడను. ఆ కోయంబత్తూరు కంపానియన్ మాత్రం మా పాప పుట్టినప్పుడు ఫోన్ చేశాడు.

దావావో_నాలుగో_ఏడాది

అక్కా, నేను ఇక్కడే ఎంబీబీఎస్ చదువుతున్నా, మాది ఖమ్మం. దావావోలో తెలుగోళ్లం బాగానే ఉన్నాం. చర్చి సంగతులు నాకు తెల్వదు, తిండి గురించి చెప్తా.

ఆ అమెరికా పిల్లగాడికి ఎండు చేప ఫస్టు వారమే పెట్టొద్దని చెప్పు. ఇక్కడ దాన్ని బులాద్ అంటరు, వేయిస్తే వీధంతా తెలుస్తది. మొంగ్గో చేస్కోమను. అంటే మన పెసలే, పొట్టు తీయకుండా ఉడకబెట్టి మునగాకు వేస్తరు. మునగాకు ఇక్కడ కమూంగ్గాయ్, ప్రతి ఇంటి దొడ్లో ఉంటది, అడిగితే కొమ్మ విరిచి ఇస్తరు. శుక్రవారం శుక్రవారం చాలా ఇండ్లల్ల అదే కూర. తమ్ముడికి పప్పు తిన్నట్టుంటది, ఆ పిల్లగాడికి సూప్ లెక్క ఉంటది. పులుపు కావాలంటే సినిగాంగ్, అందులో చింతపండే.

దురియన్ మాత్రం బయట తినాలె. ఇక్కడ హోటళ్లల్ల కూడా లోపలికి రానియ్యరు.

ధవళేశ్వరం_అక్క

ఆలస్యంగా రాస్తున్నా, నైట్ డ్యూటీలు పడ్డాయి.

మెయిల్ పెట్టలేదు. గాజువాక అన్నయ్య రాసింది మొత్తం వాడికి పంపా. ఈ సోమవారం మనకి పది, వాళ్లకి పన్నెండున్నర అయింది. కాల్ ఎత్తగానే ఆ అబ్బాయే ముందుకొచ్చి "మాయోంగ్ బుంటాగ్" అన్నాడు. మావాడు పక్క నుంచి "మధ్యాహ్నం అయింది, ఉడ్తో అనాలి" అని బిసాయాలో దిద్దాడు. అమ్మకి ఏం అర్థమైందో గానీ "వందనాలు నాన్నా, తిన్నావా" అని తెలుగులో మొదలుపెట్టింది. అరనిమిషం ముగ్గురూ రెండు భాషల్లో మాట్లాడుకున్నారు.

ఇన్వెంటరీలో బూట్ల సంగతి చెప్పాడట. ఆ పిల్లాడు ఎర్రబడిపోయి, మొదటి రోజే ఎందుకు చెప్పలేదన్నాడట. అతను కూడా ఒకటి చెప్పాడు: వీడు రాత్రి పడుకునే ముందు గొంతెత్తి తెలుగు పాటలు పాడతాడు, అది ఇబ్బందట. మావాడి మొహం చిన్నబోయింది. బానే పాడతాడండి, మా బ్రాంచిలో, అంటే మా ఊరి చిన్న సంఘంలో, అందరూ అంటారు. పుషప్‌లు ఇంకా ఆరింటికే, కాకపోతే ఇప్పుడు బిసాయాలో లెక్కపెడుతున్నాడు, ఇరవై దాటాక తడబడతాడట.

ఖమ్మం తమ్ముడూ, మొంగ్గో చేసుకున్నారు, ఇద్దరూ తిన్నారు. అమ్మ ఇప్పుడు కొత్తది పట్టుకుంది, పోపులో ఇంగువ లేకపోతే పప్పు అరగదంటోంది. అక్కడ ఇంగువ దొరికే కొట్టు ఏదైనా ఉంటే చెప్పవా? పార్సిల్ పంపితే ఛార్జీలు పప్పు కంటే ఎక్కువయ్యేలా ఉన్నాయి.