కార్డు పలాస దగ్గర, కాపురం విశాఖలో: కోటా బియ్యం ఇక్కడ ఇస్తారా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా బియ్యం కార్డు శ్రీకాకుళం జిల్లాలో, పలాస దగ్గర మా ఊళ్లో ఉంది. పని కోసం వచ్చి విశాఖ వన్‌టౌన్‌లో అద్దెకుంటున్నాం. కార్డులో నేను, మా ఆయన, అత్తయ్య, పాప. నెలనెలా ఒకరం రైలెక్కి వెళ్లి 20 కేజీలు మోసుకొస్తున్నాం. ఇక్కడి రేషన్ డిపోలో అడిగితే "మీ కార్డు ఇక్కడిది కాదమ్మా" అని పంపేశారు. పోయిన నెల మా ఆయనకు సెలవు దొరక్క అత్తయ్య ఒక్కతే వెళ్లింది. హార్బర్ దగ్గర రొయ్యలు వలిచే చేతులు, వేళ్ల చివర్లు నున్నగా అరిగిపోయాయి. మూడుసార్లు పెట్టినా వేలిముద్ర పడలేదు. ఖాళీ సంచితో తిరిగొచ్చింది. బియ్యం బయట కొనేసరికి పాలవాడికి బాకీ పడ్డాం. ఏం చేయాలో చెప్పండి.

జవాబు:
చెల్లెమ్మా, ముందు ఆ రైలు ప్రయాణం మానెయ్యండి. మన రాష్ట్రంలో ఏ ఊరి కార్డయినా ఏ డిపోలోనైనా చెల్లుతుంది. దీన్ని పోర్టబిలిటీ అంటారు. డిపోలో ఈ మాటే వాడండి, వెంటనే అర్థమవుతుంది. స్టాకు నిజంగా అయిపోతే పక్క డిపోకి వెళ్లొచ్చు. స్టాకు ఉండి కూడా ఇవ్వకపోతే 1967కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.

2025 జూన్ నుంచి వీధుల్లోకి బియ్యం తెచ్చే బండ్లు ఆపేసి మళ్లీ డిపోల్లోనే ఇస్తున్నారు. నెలలో 1 నుంచి 15వ తారీఖు దాకా, ఉదయం 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. చివరి రోజుల దాకా ఆగకండి, మొదటి వారంలోనే వెళ్లండి. ఈ నెల వదిలేస్తే వచ్చే నెల కలిపి ఇవ్వరు. 65 దాటిన పెద్దవాళ్లకు, దివ్యాంగులకు ఇంటికే తెచ్చిచ్చే ఏర్పాటు ఉంది. మీ వీధిలో అలాంటివాళ్లుంటే వాళ్లకు చెప్పండి, చాలామందికి తెలియదు.

వేలిముద్ర సంగతి. కార్డులో పేరున్న ఎవరు వేసినా ఇంటిల్లిపాది బియ్యం ఇస్తారు. కాబట్టి మీరే వెళ్లండి. అత్తయ్యగారే వెళ్లాల్సి వస్తే ముందు రాత్రి వేళ్లకు కొబ్బరినూనె రాసి, పొద్దున సబ్బుతో కడిగి, పొడిగా తుడిచి వెళ్లమనండి. బొటనవేలే పెట్టాలని లేదు, పది వేళ్లూ ప్రయత్నించొచ్చు. మా అమ్మ బీడీలు చుట్టేది, తనకి ఎప్పుడూ ఎడమచేతి మధ్యవేలే పడేది. అదీ కాకపోతే కన్ను చూసే ఐరిస్ మిషన్ పెట్టమని అడగండి. వేలు పడలేదన్న ఒక్క కారణంతో బియ్యం లేకుండా పంపకూడదు, అది మీ హక్కు. ఆహార భద్రతా చట్టం 2013లో వచ్చింది. మనిషికి నెలకు 5 కేజీలు, మరీ పేదలకిచ్చే అంత్యోదయ కార్డుకైతే కార్డు మొత్తానికి 35 కేజీలు. 2023 జనవరి నుంచి ఈ బియ్యం ఉచితం. బియ్యానికి పైసా అడిగినా ఇవ్వకండి.

కాటా దగ్గర నిలబడి చూసుకోండి, స్లిప్పు తీసుకోండి. "బియ్యం ఎందుకు, డబ్బులు ఇస్తాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. కోటా బియ్యం అమ్మడం నేరం, ఆ నాలుగు డబ్బులు చూసుకుంటే కార్డుకే ముప్పు.

మళ్లీ అడుగుతున్నా:
చాలా థాంక్స్ అక్కా. ఇంకో సందేహం. ఈ బియ్యం కడిగితే కొన్ని గింజలు తెల్లగా పైకి తేలుతున్నాయి. ప్లాస్టిక్ బియ్యమని పక్కింటావిడ పారబోయిస్తోంది.

జవాబు:
అయ్యో, పారబోయకండి! అవి బలవర్ధక గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి బియ్యం ఆకారంలో ఒత్తుతారు. దాదాపు వంద గింజలకు ఒకటి కలుపుతారు. రక్తం తక్కువున్న ఆడవాళ్లకి, పిల్లలకి వాటివల్లే మేలు. ఎక్కువసార్లు కడిగితే ఆ సత్తువ నీళ్లలో పోతుంది. ఒకటి రెండుసార్లు చాలు.

మరొకరు:
అన్నం ముద్దవుతోందని చాలామంది బాధపడతారు. అరగంట నానబెట్టి, నీళ్లు కాస్త తగ్గించి, ఉడికాక మూత తీసి ఆరనివ్వండి. సగం బియ్యం దోసెలకు ఉంచుకోండి. మూడు పాళ్ల బియ్యానికి ఒక పాలు మినప్పప్పు. ఈ బియ్యంతో దోసె చక్కగా వస్తుంది, పాప ఇష్టంగా తింటుంది. కందిపప్పు, పంచదార తక్కువ ధరకు ఇస్తారు గానీ ప్రతి నెలా రావు, డిపోలో అడిగి చూడండి. కూరగాయలకు కంచరపాలెం రైతుబజారుకి వెళ్లండి. ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, బేరం బాధ ఉండదు.

ప్రశ్న అడిగినామె:
ఈరోజు 4వ తారీఖు, ఉదయం ఎనిమిదిన్నరకే వెళ్లాను. డీలరు మొదట కాదన్నాడు. పోర్టబిలిటీ అనగానే కార్డు నంబరు కొట్టాడు, మా నలుగురి పేర్లూ వచ్చాయి. అత్తయ్య కూడా పట్టుబట్టి వేలు పెట్టింది. కుడిచేతి వేళ్లు ఒక్కటీ పడలేదు, ఎడమచేతి ఉంగరం వేలు పడింది. 20 కేజీలు తూచి ఇచ్చాడు, స్లిప్పు కూడా వచ్చింది. ఆటోకి నలభై రూపాయలైంది, అంతే.