గార మండలంలో గోడల బీటలు: నేల కుంగుతోందో లేదో ఉపగ్రహ రాడార్‌తో తేల్చవచ్చా?

ప్రశ్న (గార మండలం, శ్రీకాకుళం జిల్లా)

నమస్కారం. మాది కళింగపట్నం వెళ్లే దారిలోని ఒక పల్లె. నా చిన్నతనంలో ఎండాకాలమంతా నీరుండే నూతులు ఇప్పుడు వేసవి నడిమికే అడుగంటుతున్నాయి. ఊరి చుట్టూ బోర్లు ఏటేటా పెరిగాయి. నాలుగైదు ఇళ్ల గోడలు బీటలు వారడంతో, నీళ్లు తోడెయ్యడం వల్లనే నేల కుంగుతోందని మా పెద్దలు అంటున్నారు. సెంటినెల్-1 ఉపగ్రహం తీసే రాడార్ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయని చదివాను. వాటితో ఈ మాట నిజమో కాదో తేల్చవచ్చా?

జవాబు (భూగర్భశాస్త్ర అధ్యాపకుడు, విజయనగరం)

ముందు నేల ఎందుకు కుంగుతుందో చూద్దాం. ఇసుక పొరల నడుమ ఉండే బంకమట్టిలోని నీరు, పైనున్న మట్టి బరువులో కొంత తానే మోస్తుంది. బోర్లు తోడేకొద్దీ ఆ నీటి పీడనం తగ్గి, బరువు మట్టి రేణువుల మీద పడి, పొర నలిగి పలచబడుతుంది. మళ్లీ నీరు చేరితే ఇసుక చాలావరకు కోలుకుంటుంది గానీ, హద్దు దాటి నలిగిన బంకమట్టి తిరిగి లేవదు. కాలిఫోర్నియాలోని శాన్ వాకిన్ లోయలో ఒకచోట 1925, 1977 మధ్య నేల సుమారు 9 మీటర్లు దిగిపోయింది ఇందువల్లనే.

మన రెండు జిల్లాల్లో ఎక్కువ భాగం ఖొండలైట్ వంటి గట్టి రాతి నేల. అక్కడ నీరు శిథిలమైన పైపొరలోనూ రాతి పగుళ్లలోనూ ఉంటుంది కాబట్టి అంతటి కుంగుబాటు జరగదు. వంశధార ఒండ్రు మీదున్న మీ ఊరి సంగతి వేరు, అనుమానించవలసినదే. అయితే వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే బంకనేల కూడా గోడలను చీలుస్తుంది. మీ బీటలు వర్షాకాలంలో సన్నబడి వేసవిలో వెడల్పవుతున్నాయా?

జవాబు (రాడార్ చిత్రాలపై పనిచేసే పరిశోధకురాలు)

సెంటినెల్-1 తరంగదైర్ఘ్యం సుమారు 5.6 సెంటీమీటర్లు. తరంగం పోయి రావాలి గనుక, నేల ఉపగ్రహానికి 2.8 సెంటీమీటర్లు దూరమైతే తిరిగొచ్చిన తరంగం దశ (అల ఎగుడుదిగుళ్లలో అది ఉన్న స్థానం) ఒక పూర్తి చుట్టు మారుతుంది. 12 రోజులకొకసారి తీసిన చిత్రాలను రెండు మూడేళ్ల పాటు వరుసగా పోల్చితే, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల కదలిక సైతం బయటపడుతుంది.

మన చిక్కంతా పచ్చదనంతోనే. నీరు నిలిచిన వరిమడి, గాలికి ఊగే కొబ్బరి మట్టలు ఒకసారికీ మరొకసారికీ ఒకేలా కనిపించవు, కాబట్టి అక్కడ పోలిక చెదిరిపోతుంది. పొలాలను వదిలేసి శ్లాబు ఇళ్లు, వంతెనలు, కరెంటు టవర్ల వంటి స్థిరమైన బిందువులనే నమ్ముకోండి. తీరగాలిలోని తేమ కూడా తరంగాన్ని ఆలస్యం చేసి, లేని కుంగుబాటును చూపిస్తుంది. ఒక్క జత చిత్రాలు చూసి నిర్ణయానికి రావద్దని గట్టిగా చెప్పడం అందుకే. లెక్కలకు ఐరోపా అంతరిక్ష సంస్థ ఇచ్చే స్నాప్ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టవచ్చు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా-ఇస్రో రాడార్ ఉపగ్రహం నైసార్‌లోని ఎల్-బ్యాండ్ అనే పొడవైన తరంగం సుమారు 24 సెంటీమీటర్లు. అది ఆకుల మధ్య నుంచి మెరుగ్గా దిగుతుంది గనుక మన తోటల సీమకు నాకు దానిపైనే ఎక్కువ ఆశ.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండి. అధ్యాపకులు గారు అడిగినట్టే, రెండిళ్లలో బీటలు వానలకు సన్నబడతాయి. మిగిలిన ఇళ్లలో మాత్రం ఏడాది పొడవునా అలాగే ఉంటున్నాయి. రాడార్ చూపేది దేనితో పోల్చి చూడాలి?

జవాబు (రాడార్ చిత్రాలపై పనిచేసే పరిశోధకురాలు)

రాడార్ కొలిచేది ఒకచోటికీ మరొకచోటికీ మధ్య తేడాను మాత్రమే. కాబట్టి కదలదని నమ్మగలిగే చోటు ఒకటి కావాలి. మీకు దగ్గరలోని శాలిహుండం కొండ మీద, చెట్లు లేని రాతి చోటును ఎంచుకోండి. ఊళ్లో మూడు నాలుగు నూతుల నీటిమట్టాన్ని నెలనెలా ఒకే తేదీన, తెల్లవారుజామున, చుట్టుపక్కల మోటార్లు ఆడకముందే కొలిచి రాయండి. నీటిమట్టం దిగిన నెలల్లో బిందువులు దిగి, వానల తర్వాత పూర్తిగా పైకి రాకపోతే మీ పెద్దల అనుమానానికి బలం చేకూరుతుంది. మళ్లీ యథాస్థానానికి వస్తే అది నేల ఉబ్బడం, కుంచించుకోవడం కావచ్చు. ముందుగా ఎప్పుడూ మూసుకోని ఆ బీటల ఇళ్ల దగ్గరి బిందువులనే చూడండి.