పత్‌బిఙ్సు ఏ సమాసం?

ప్రశ్న: కొరియన్ సీరియళ్ళలో ఎండాకాలం వస్తే పెద్ద గిన్నెలో తురిమిన ఐసు పెట్టుకుని తింటుంటారు. దాన్ని బింగ్సు అని రాయాలా, బింసు అనా? తెలుగులో ‘హిమజలం’ అనుకోవచ్చా?

జవాబు: వద్దండీ. బాగా పేరుపడ్డ పాత రకం పేరు పత్‌బిఙ్సు. పత్ అచ్చ కొరియన్ మాట, ఒక చిన్న ఎర్ర గింజ పేరు. ఆ గింజల్ని ఉడికించి, చక్కెర కలిపి ముద్దచేసి ఐసు తురుము మీద వేస్తారు. బిఙ్సు మాత్రం చైనా భాష నుంచి తెచ్చుకున్నది: బిఙ్ ఐసు, సు నీరు. మనకు నీరూ జలమూ రెండూ ఉన్నట్టే వాళ్ళకు ఐసుకు రెండు మాటలున్నాయి. నిత్యం వాడేది ఒరుమ్, ‘గడ్డకట్టు’ అనే క్రియ నుంచి పుట్టింది. బిఙ్ ఒంటరిగా రాదు, సమాసాల్లోనే కనిపిస్తుంది: బిఙ్సాన్ అంటే సముద్రంలో తేలే మంచుకొండ, బిఙ్గో అంటే ఐసు కొట్టు. రాజధాని సోల్ (సియోల్) నగరంలో సొబిఙ్గో అనే పేట ఇప్పటికీ ఉంది. కొరియాను ఏలిన జోసన్ రాజుల కాలంలో చలికాలం హాన్ నది మీద గడ్డకట్టిన ఐసును కోసి అక్కడి కొట్లలో దాచి, వేసవిలో అధికారులకు పంచేవారు. సొ అంటే పడమర, పడమటి ఐసు కొట్టు అనే పేరు అలా నిలిచిపోయింది.

అంటే పత్‌బిఙ్సు మన లెక్కలో దేశ్యానికి తత్సమం అతికిన మిశ్రమ సమాసం. మన పాలసముద్రం లాగే అన్నమాట. ఇలాంటి అతుకుల్లో కొన్నిటిని మన పండితులు వైరి సమాసాలని, అంటే పొసగని జతలని తప్పుపట్టేవారు, జనం మాత్రం అతుకుతూనే ఉన్నారు. కొరియాలోనూ అదే స్వేచ్ఛ! పాలను గడ్డకట్టించి దూదిలా తురిమే రకానికి నున్‌కొత్ బిఙ్సు, అంటే మంచుపువ్వు బిఙ్సు అని పేరు పెట్టారు. అందులో నీళ్ళ ఊసే లేదు, అయినా ‘సు’ పోలేదు. మామిడిపండు వేస్తే మాంగో బిఙ్సు. ‘హిమజలం’ అంటే ఈ అతుకుల అందమంతా పోతుంది.

ఇక రాత. ‘బింగ్సు’లో గకారం వినిపిస్తుంది, కొరియన్ ఉచ్చారణలో అది లేదు, ముక్కుతో పలికే ఙ మాత్రమే ఉంది. ‘బింసు’ అంటే సున్న మకారమైపోతుంది.

మరొకరు: ఙ ఎవరు రాస్తారండీ ఈ రోజుల్లో?

జవాబు: వాఙ్మయం రాస్తున్నాంగా! వర్ణమాలలో ఉన్న అక్షరం ఇంత కచ్చితంగా సరిపోయే మాట దొరికినప్పుడు దాన్ని వాడుకోవాలనే నా కోరిక. బింగ్సు అని రాసినవారిని తప్పుపట్టను. పత్‌ని రాజ్మా అని అనువదిస్తే మాత్రం ఒప్పుకోను. అది పెసలు, మినుములు, అలసందల జాతికి చెందిన గింజ, రాజ్మాది వేరే జాతి.