ఆఫీసు పక్కన ఇరుకిల్లా, ఊరి చివర విశాలమైన ఇల్లా?

అద్దెవాసి: రెండు పేటల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నాం. ఒకటి ఆఫీసుకు పది నిమిషాల నడక. రెండే గదులు, కింద బస్సులు తిరిగే రోడ్డు. రెండోది ఊరి చివర. మూడు గదులు, చుట్టూ చెట్లు, కానీ ఆఫీసుకు యాభై నిమిషాలు. అద్దె ఇంచుమించు ఒకటే. ఇంట్లో నేను, నా భార్య, మా అమ్మ. మీరైతే ఏది తీసుకుంటారు?

నడకదారి: కళ్ళు మూసుకుని దగ్గరిదే తీసుకోండి. దూరపు ఇంటికి రోజుకు ఎనభై నిమిషాలు అదనం. ఏడాదికి 250 పనిదినాలు వేసుకున్నా 333 గంటలు, అంటే దాదాపు 14 రోజులు రాత్రింబవళ్ళు దారిలోనే! ఏ కాలంలోనైనా మనుషులు తిరగడానికి రోజుకు సుమారు గంటే కేటాయిస్తారని ఇటలీ శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో రాశారు. వాహనాల వేగం పెరిగితే ఊళ్ళు విస్తరించాయి గానీ ఆ గంట పెద్దగా మారలేదంటారాయన. దూరపు ఇంటి నుంచి మీకు రానూపోనూ గంటా నలభై నిమిషాలు పడుతుంది. ఇక ఆ మూడో గదిలో కూర్చునేదెప్పుడు?

కిటికీపక్క: అది ఆఫీసుకెళ్ళే మనిషి లెక్క అండీ. వాళ్ళ అమ్మగారు రోజంతా ఇంట్లోనే కదా ఉండేది? మేం మూడేళ్ళు అలాంటి రోడ్డు మీదే ఉన్నాం. కిటికీ తీస్తే రొద, మూస్తే ఉక్క. బస్సు ఆగి కదిలినప్పుడల్లా బల్ల మీది గ్లాసులో నీళ్ళు వణికేవి. మా అత్తగారు కూతురితో ఫోన్లో మాట్లాడాలంటే స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకునేవారు. అది చూడలేకే ఇల్లు మారాం. రాత్రిపూట రోడ్డు చప్పుడు సగటున 45 డెసిబెల్స్ దాటితే నిద్రకు చేటని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో చెప్పింది. నేనైతే దూరపు ఇంటికే ఓటేస్తాను.

నడకదారి: అమ్మగారి సంగతి నాకు తట్టలేదు, నిజమే. కానీ దూరపు కొండలు నునుపండీ. అర్ధరాత్రి ఆవిడకు ఒంట్లో బాగాలేకపోతే అక్కణ్ణుంచి ఆసుపత్రి ఎంత దూరం? మందుల షాపుకు తనంతట తాను నడిచి వెళ్ళగలరా? పగలంతా పలకరించే మనిషి లేకపోతే ఆ ప్రశాంతత ఏం చేసుకుంటారు?

కిటికీపక్క: అయితే రెండిళ్ళూ ఆవిడకే చూపించండి. సెలవు రోజు పొద్దున మాత్రం వద్దు. మామూలు రోజు రాత్రి పదకొండింటికి వెళ్ళి పడకగది కిటికీ దగ్గర కాసేపు నిలబడండి.

అద్దెవాసి: అమ్మను ఇప్పటిదాకా అడగనేలేదు. ఇందాక అడిగితే "మెట్లెన్నిరా?" అంది. రెండు చోట్లా లెక్కపెట్టలేదు నేను. రేపు ముగ్గురం కలిసి వెళ్తున్నాం.